తాతగారి కత్తి పిడి

సంఘంలో పాత పద్ధతులు ఉంచాలా తీసివేయాలా అనే వాదం వచ్చినప్పుడెల్లా మాకు తాతగారి క్షౌరపు కత్తి జ్ఞాపకం వస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో చేసినది; పిడికి రెండు కొమ్ము బద్దలు. మేకు దగ్గర ఒక బద్ద చీలింది. ప్లాస్టిక్ పిడి వేయించమన్నారు ఇంటివారు. మేము ఇత్తడి మేకు తలను ఆకురాయితో అరగదీసి, పిడి విడదీసి, చీలికలో జిగురు దించి బిగించి కట్టి, మరునాడు కొత్త మేకు వేశాము. అతుకు కనబడుతుంది, కనబడనీయండి. రంగు పూసి దాస్తే, రేపు కొనేవానితో అబద్ధమాడినట్లే గదా!

అయితే పాతదల్లా ఉంచదగినది కాదు. తమ్ముని కత్తిది సెల్యులాయిడ్ పిడి. అది చివికితే ఆమ్లపు ఆవిరి వదలి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. అలుగు మీద మచ్చలు చూచి ఆ పిడిని మేమే ఊడదీశాము. నాన్నగారు పట్టిన పిడి అని తమ్ముడు రెండు ఆదివారాలు మాతో మాటలాడలేదు.