తెర వెనుక దీపము

ఒకే వేపచెట్టున పూచిన ఆకులలోనైనను ఏ రెండును అచ్చముగా ఒక్కతీరున నుండవు. ఇంతటి వైవిధ్యమును సృష్టిలో నింపిన భగవంతుడు మానవులను మాత్రము ఒకరినొకరు అనుకరించి బ్రతుకుటకే పుట్టించునా? అయినను అనేకులు "పొట్టకూటి పనిలో క్రొత్తదనమెక్కడిది? అది కవులకును శిల్పులకును చెల్లును గాని సామాన్యులకేల?" అని నిట్టూర్చుదురు. ఈ సందేహమునకు అనంతపురపు కరవుసీమయే సమాధానము చెప్పుచున్నది.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు మెట్టసీమ ఇది. 16వ శతాబ్దమున విజయనగర ప్రభువుల కాలమున ఈ నేలపైననే లేపాక్షి వీరభద్రాలయము వెలసినది. అచ్చటి ఏడుపడగల నాగలింగమును గూర్చి స్థానికులొక కథ చెప్పుదురు. తల్లి వంట ముగించులోగా ఆకలితో వేచియున్న శిల్పులు, ఊరక కూర్చుండక, ఎదుటనున్న బండను నాగేంద్రునిగా మలచిరట! పని పట్ల ప్రీతి గలవానికి అన్నము కొరకు వేచియుండు ఘడియయు పూజాసమయమే యగునని ఈ కథ తెలుపుచున్నది.

ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటది మరియొక పాఠము. లేపాక్షి వలెనే ఈ గ్రామమును పూర్వము అనంతపురం జిల్లాలో నుండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. ఇచ్చటి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును నానబెట్టి, రోమములు తొలగించి, వెలుగు ప్రసరించునంత పలుచన యగువరకు గీకి ఆరబెట్టుదురు. పిమ్మట బొమ్మను గీసి, సన్నని రంధ్రములు పొడిచి, రంగులద్దుదురు. రాత్రివేళ తెర వెనుక దీపము నుంచి, సీతారాములను, హనుమంతుని ఆడించి, తరతరములుగా రామకథను పల్లెలకు వినిపించిరి.

కాలము మారినది. సినిమాలు, పిమ్మట టెలివిజన్ రాగా ఆటకు ఆదరణ తగ్గినది. వానలేని చేని వలె కళయు ఎండిపోవు గడియ వచ్చినది. అప్పుడు వారు ఉలిని విడువలేదు. అదే తోలుతో, అదే నేర్పుతో దీపములకు తొడుగులను, గోడకు వ్రేలాడదీయు చిత్రములను చేయసాగిరి. తెర వెనుక వెలిగిన దీపమిట్లు ఇండ్లలోనికి వచ్చినది. ఈ గ్రామ కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ పురస్కారము ప్రకటింపబడినది.

ఇందొక ఆధ్యాత్మిక రహస్యము కలదు. తోలు మందముగా నున్నంతవరకు దీపమెంత వెలిగినను బొమ్మ ప్రకాశింపదు. ఆ మందమే అహంకారము, గీకుటయే సాధన. వెలుగు బొమ్మ సొత్తు కాదు, వెనుకనున్న దీపముది. కావున "నేనే సృష్టించితిని" అని గర్వించుటకు తావు లేదు. అయినను రంధ్రములు పొడుచు చేయి మానవునిదే. ఆ పనిని అతనికై వేరొకరు చేయజాలరు. కావున "నావలన నేమగును" అని చతికిలబడుటకును తావు లేదు.

స్వకర్మచేతనే పరమాత్ముని అర్చించి మానవుడు సిద్ధినొందునని గీతాచార్యుడు 18వ అధ్యాయమున బోధించెను. ఒకరు పూజించిన పూలను మరియొకరు మరల దేవునికి సమర్పింపరు గదా! తన బుద్ధిని, హృదయమును చేర్చక, పరులు చేసినదానినే యాంత్రికముగా తిరిగి చేయుటయు అట్టి నిర్మాల్యమే. సంప్రదాయమును త్రోసివేయవలెనని దీని భావము కాదు. నిమ్మలకుంటవారు రాముని రూపమును మార్చలేదు. రాముడు వెలుగుటకు క్రొత్త చోటు చూపిరి.

వాకిట నిన్నటి ముగ్గుకు నేడొక క్రొత్త మెలిక చేర్చు ఇల్లాలు, వేరుసెనగ నడుమ కంది సాళ్లు వేసి కరవును ఎదుర్కొను రైతు, పాఠము అందని బాలునికై వేరొక ఉదాహరణము వెదకు ఉపాధ్యాయుడు, వీరందరును అట్టి అర్చకులే. వారి పని ఎవరి కంటను పడకపోవచ్చును. బొమ్మలాడించువాడును తెర వెనుకనే నిలుచును గదా! వెలుగు ప్రసరించిన చాలును; పూజ ఫలించినట్లే.