పుణ్యము వేతనమగునా?

ప్రత్యేక విద్యలో బి.ఎడ్. పట్టము పుచ్చుకొనదలచిన యువతి యొకతె కాగితమునకు ఒకవైపున ఖర్చును, వేరొకవైపున రాబడిని వ్రాసి కూడుకొనుట చూచినంతనే, వికలాంగులైన బిడ్డలకు చదువు చెప్పుట పుణ్యకార్యము గదా, దానికి లెక్కలేమిటని నొచ్చుకొను పెద్దలు మనలో చాలమంది కలరు. వారి మాటలో కపటము లేదు. పవిత్రమని తోచినదానిని ధనముతో తూచుట అపచారమను సంస్కారము మనకు వంశపారంపర్యముగా వచ్చినదే. అయినను ఆ లెక్క వేయుట అధర్మమా, వేయవలదనుట అధర్మమా యన్నది విచారింపదగిన ప్రశ్న.

ముందా లెక్కనే చూతము. రెండేండ్ల చదువునకు ఫీజు, ఊరు విడిచి పోయినచో హాస్టలు ఖర్చు, ఆ రెండేండ్లును చేజారిన సంపాదన, పట్టము చేతికందిన పిదప 1992 నాటి చట్టము ననుసరించి భారత పునరావాస మండలి పట్టికలో పేరెక్కించుకొనుటకును, గడువు తీరినప్పుడెల్ల దానిని పునరుద్ధరించుకొనుటకును అగు వ్యయము ఒకవైపు. రెండవవైపున, వికలాంగులైన బిడ్డలకై మండలములలో నడచు భవిత కేంద్రములందో, స్వచ్ఛంద సంస్థల బడులయందో, తరచుగా కాంట్రాక్టు పద్ధతిపై లభించు కొలువు. అంతే కాలము వెచ్చించి సాధారణ బి.ఎడ్. చదివి డీఎస్సీలో నెగ్గిన తోటి విద్యార్థిని స్కేలు జీతమును, ఇంక్రిమెంట్లను అందుకొనుచుండగా, ఈమె ఏటేటా రెన్యూవల్ ఉత్తర్వు కొరకు ఎదురుచూచుచుండవలెను.

ఆ జీతమునకు చేయు పని యెట్టిదో గమనింపుడు. బుద్ధి ఎదుగుదల మందగించిన బిడ్డకు చొక్కా బొత్తాము పెట్టుకొనుట నేర్పవలసినప్పుడు ఆమె ఆ పనిని మెట్లుగా విడదీయును: బొత్తామును పట్టుట, కాజాకు చేర్చుట, సగము దూర్చుట, ఆవలినుండి లాగుట. తొలిమెట్లన్నియు తానే చేసి, కడపటి లాగుడు మాత్రము బిడ్డచేత చేయించును. అది చేతికి వచ్చిన పిమ్మట దానికి ముందరి మెట్టునకు పోవును. ఒక్క బొత్తామునకే నెలలు గడచుట కలదు. కరుణ యున్నంతమాత్రమున అబ్బు నేర్పు కాదిది. చదివి, అభ్యసించి, అనుదినము పరీక్షించుకొనవలసిన శాస్త్రము. ఇట్టి విద్యకై సికింద్రాబాదు మనోవికాస నగరమున 1984లో జాతీయ సంస్థయే వెలసినది.

ఇక పూర్వపక్షము. కూలికి చదువు చెప్పువానిని మనుస్మృతి శ్రాద్ధమునకు పిలువదగనివారిలో చేర్చినది. విద్యను బ్రతుకుతెరువునకే వాడుకొనువాడు జ్ఞానమును అమ్ముకొను వర్తకుడను భావము కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున కలదు. కాని ఆ మాట పలికిన గణదాసుడే రాజకొలువున జీతము పుచ్చుకొను నాట్యాచార్యుడు! అతడు నిందించినది జీతమును గాదు. కొలువు దొరికినది చాలునని పరీక్షకు వెనుదీయు పిరికితనమును.

అంతకంటె బలమైన వాదము భగవద్గీత పదునేడవ అధ్యాయమునుండి వచ్చును. ప్రత్యుపకారము చేయలేనివానికి ఇచ్చునది సాత్త్వికదానమని అందు చెప్పబడినది; ఈ బిడ్డలకన్న అందుకు పాత్రులెవ్వరు? నిజమే. అయితే దానము ఇష్టపూర్వకముగా, తన సొత్తుతో చేయవలసినది. ఉపాధ్యాయిని తనంతట తాను జీతము వదలుకొన్నచో అది ఆమె దానము. ఆమెకు చాలీచాలని జీతమిచ్చి, తక్కినది పుణ్యముగా జమకట్టుకొమ్మని సంఘము చెప్పినచో, అది పరుల కష్టమును తన పేర ధారపోయుట. నిష్కామకర్మ యనునది మనుజుడు తనకు తాను విధించుకొను నియమమే కాని, యజమాని పనివారికి వినిపించు ఉపదేశము కాదు.

రఘువంశమున కౌత్సుని కథ ఇందుకు దారి చూపుచున్నది. కౌత్సుని గురువైన వరతంతుడు శిష్యుని భక్తియే తనకు దక్షిణ యనెను. శిష్యుడు పట్టుపట్టగా కినిసి పదునాలుగు కోట్లు తెమ్మనెను. కౌత్సుడు రఘుమహారాజు కడకు పోవునప్పటికి, ఆయన విశ్వజిద్యాగమున సర్వస్వము నిచ్చివేసి, మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో నుండెను. భక్తి చాలునను మాట గురువు అనెనేగాని రాజు అనలేదు. బొక్కసము ఖాళీయని చెప్పి అతిథిని పంపివేయలేదు. కుబేరునిపై దండెత్తుటకు సిద్ధపడెను. శిష్యుడు చెల్లింపలేని దక్షిణకు రాజ్యము పూచీపడవలెను. నేటి రాజ్యమును చూతము. వికలాంగుల హక్కులకై చేసిన 2016 నాటి చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ప్రాథమిక తరగతులలో పదిమంది ప్రత్యేకావసరములు గల బిడ్డలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని 2021లో సుప్రీంకోర్టు నిర్దేశించినది. అయినను ఆ కొలువులను ఏటికేడాది ఉత్తర్వులతో నెట్టుకొని వచ్చు ప్రభుత్వములు, రఘువు అనుటకు సిగ్గుపడిన మాటనే అనుచున్నవి.

లెక్క చూచుకొనుట బిడ్డలయెడలను ధర్మమే. పరిచితమైన గొంతు మారిన మాత్రాన నేర్చినదానినే విడిచిపెట్టు పిల్లలు వీరిలో కలరు; ఆవేశముతో చేరి, అప్పుల బాధకు నడుమనే వెడలిపోవు ఉపాధ్యాయిని వారికి చేయు కీడు చిన్నది కాదు. తన శక్తి నెరిగి చేరినయామె నిలుచును. ఎరిగి మానినయామె ఎవ్వరిని వంచింపలేదు. ఎక్కువమంది మానుకొనుచున్నచో, నిందింపవలసినది వారి శ్రద్ధను గాదు. ఆ జీతమును నిర్ణయించినవారిని, వారిని ప్రశ్నింపక పుణ్యమును గూర్చి ఉపన్యసించు మనలను.