గతించిన గురువు ఋణము

నెల్లూరు పట్టణమున స్వర్ణాల చెరువు గట్టున బారాషహీదు దర్గా గలదు. ఏటేట మొహర్రము నెలలో అచ్చట జరుగు రొట్టెల పండుగను ఎరుగనివారు ఈ సీమలో అరుదు. కోరిక గలవాడు చెరువు నీట నిలిచి, కోరిక ఫలించినవాని చేతినుండి ఒక రొట్టె గైకొనును. తన కోరిక తీరిన పిమ్మట మరల వచ్చి, తానును ఒకరికి రొట్టె నిచ్చును. చదువు రొట్టె, ఉద్యోగపు రొట్టె, పెండ్లి రొట్టె, సంతానపు రొట్టె యని వానికి పేరులు. హిందువులును మహమ్మదీయులును ఒకే నీట నిలుతురు. ఇందలి విశ్వాసమును గూర్చి నేనిప్పుడు వాదింపబూనలేదు. నన్ను ఆలోచింపజేసినది వేరొకటి. రొట్టె పుచ్చుకొన్నవాడు మరుసటి యేట, ఇచ్చినవానిని వెదకికొని పోడు. వెదకినను ఆ జనసమ్మర్దమున వాడు దొరకడు. తాను నిరుడు నిలిచిన చోటనే చేయి చాచి నిలిచిన క్రొత్తవానికి ఇచ్చి, ఋణము తీరినదని తృప్తితో ఇల్లు చేరును.

గురువు గతించినప్పుడు శిష్యులు చేయదగినదేమి యను ప్రశ్న కలిగినప్పుడెల్ల నాకీ చెరువు జ్ఞప్తికి వచ్చును. తండ్రి పోయినచో కుమారుడు చేయవలసిన కర్మమును పెద్దలు విధించినారు. గురువు పోయినచో శిష్యుడేమి చేయవలెనో మన ఆచారములు అంత విస్పష్టముగ చెప్పవు. కావున మనము పటమునకు పూలదండ వేసి, నాలుగు మంచిమాటలు పలికి, రెండు నిమిషములు మౌనము వహించి ఇండ్లకు పోవుచున్నాము. ఇంతమాత్రమున ఆ ఋణము తీరినట్లేనా?

ఈ ప్రశ్నను విచారించుటకు మన తెలుగునాటనే పుట్టిన ఒక బడిపంతులు చరిత్రము తగియున్నది. సయ్యద్ అబ్దుల్ రహీము 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జట్టులో ఫుట్‌బాలు ఆడి, పిదప హైదరాబాదు పాఠశాలలలో ఉపాధ్యాయుడై, ఆ పట్టణపు పిల్లలకు ఆట నేర్పెను. ఆయన శిక్షణలో హైదరాబాదు నగర పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్సు కప్పును గెలుచుకొనెను. భారతజట్టు ఆయన చేతిలో 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణపతకమును పొందెను. 1956లో మెల్బోర్ను ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచెను.

ఆయన బోధనా పద్ధతిని గూర్చి రెండు ముక్కలు చెప్పవలెను. బంతి దొరకిన బాలుడు తన నేర్పును పదిమందికి చూపవలెనను ఆశతో దానిని తన కాళ్లయొద్దనే యుంచుకొని పరుగెత్తుట సహజము. ఆ యలవాటును మాన్పుటకై రహీము సాహెబు ఒక వింత నియమముతో పోటీలు పెట్టెను. బంతిని ఎవడును వెంటగొని పోరాదు. అందిన తోడనే తోడివాని కందింపవలెను. వాడుకలేని కాలితోడనే ఆడవలెనను నియమముతో మరికొన్ని పోటీలు నడపెను. ఒకరి బలమును పదిమంది బలముగ మార్చుటయు, ఎవని బలహీనతను వానిచేతనే దిద్దించుటయు ఆయన పద్ధతిలోని సారము.

సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో పేదయింట పెరిగిన తులసీదాసు బలరామునకు, నగరమునకు వచ్చి సాధన చేయుటకు దారిఖర్చు లేకపోయెను. అద్దె సైకిలునకు వలయు రూపాయిని రహీము తానే యిచ్చి రప్పించుకొనెడివాడని బలరాము తరువాతికాలమున చెప్పుకొనెను. ఆ బాలుడే మెల్బోర్నులోను, 1960లో రోములోను దేశము పక్షమున ఆడెను.

ఇక జకార్తా సంగతి. మొదటి ఆటలోనే మనవారు దక్షిణ కొరియాకు 2–0తో ఓడిరి. తరువాతి ఆటలో జర్నైల్ సింగునకు తలపై గాయమై కుట్లు పడెను. గోలు కాచు తంగరాజు జ్వరపడెను. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులను ఆ క్రీడలకు రానీయకపోవుటను మన దేశీయుడైన ఒక క్రీడాధికారి ఆక్షేపించియుండుటచే, ప్రేక్షకులు భారతజట్టుపై మండిపడుచుండిరి. శిక్షకుని శరీరమును అప్పటికే పుండువ్యాధి లోలోపల తినుచుండెను. సెప్టెంబరు 4వ తేదీన, మొదట తమ్ము ఓడించిన దక్షిణ కొరియాతోనే తుదిపోటీ జరుగవలసియుండెను. దానికి ముందు రహీము తన పిల్లలను కూర్చుండబెట్టుకొని, తనకొక కానుక కావలెననియు, ఆ కానుక స్వర్ణపతకమే యనియు అడిగెనట. మరునాడు మనవారు 2–1తో గెలిచిరి. ఒక గోలు పి.కె. బెనర్జీ వేసెను, రెండవది తలకు కుట్లుపడిన జర్నైలుదే.

ఏకలవ్యుని కథ మనకందరకు తెలిసినదే. అచ్చట గురువు అడిగిన దక్షిణ శిష్యుని బొటనవ్రేలు. అది యిచ్చినవాడు విలుకాడుగ మిగులలేదు. ఇచ్చట గురువు అడిగిన దక్షిణ శిష్యుల మెడలలోనే వ్రేలాడెను. వారి కీర్తి యధికమగుటయే ఆయన పుచ్చుకొన్న కానుక. పుచ్చుకొనుటలో ఇంతటి ఔదార్యము చూపినవానికి మన మేమి తిరిగి యీయగలము?

ఆ విజయమునకు తొమ్మిది నెలల పిమ్మట, 1963 జూన్ 11న, రహీము పుపుస క్యాన్సరుచే మరణించెను. అప్పటి కాయనకు 53 ఏండ్లు. నాటినుండి నేటివరకు ఆసియా క్రీడలలో ఫుట్‌బాలు స్వర్ణము మనకు మరల రాలేదు. కారణములు పెక్కులు, ఒక్కని మరణమునకే దాని నంటగట్టుట న్యాయము కాదు. బెనర్జీ, చునీ గోస్వామి 2020లోను, బలరాము 2023లోను గతించిరి. ఆయనను గూర్చి మనసార చెప్పుచు వచ్చిన ఆ ముగ్గురును పోయిరి. 2024లో ఆయన జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వెలువడగా, ఆయనను ఎన్నడును చూడనివారు చీకటి హాలులో కన్నీరు కార్చిరి.

ఆ కన్నీటి విలువ యెంత? బంతియాట నేర్పినవానికి ఇంత శోకమేల, ఆయన వేదము చెప్పెనా, రోగము కుదిర్చెనా యని పరిహసించు పెద్దమనుష్యులు కలరు. వారికి నా ప్రత్యుత్తరము చిన్నది. తనకందినదానిని తోడివానికి అందింపుమని ఏ శాస్త్రము చెప్పినను చెవితో విందుము. ఆటస్థలమున దానిని దేహముతో నేర్తుము. మతము, కులము, భాష వేరైన పదునొకండుగురు ఒక్క పనికై ఒకరి నొకరు నమ్ముట నేర్పినవాడు గురువు గాక మరెవ్వడు?

శోకమే చాలునని తలచువారితోడనే నాకు చిక్కు. ఏలన, ఆ తప్పు నేనును చేసితిని. మా చిన్ననాట నెల్లూరిలో మాకు ఆటలు నేర్పిన ఉపాధ్యాయుడొకడుండెను. చిరిగిన బంతిని తన యింట తానే కుట్టి తెచ్చెడివాడు. ఆయన గతించినప్పుడు పూర్వవిద్యార్థులము చందాలు వేసికొని, పెద్ద పటము కట్టించి, ఆయన ఆట నేర్పిన మైదానముననే సంతాపసభ జరిపితిమి. నేను సైతము ఉపన్యసించితిని. పలువురు కంట నీరు పెట్టుకొనిరి. సభ ముగిసి వెలుపలికి వచ్చునప్పుడు, గోడవార పదిమంది పిల్లలు బంతి చంకనిడుకొని కూర్చుండియుండుట చూచితిని. ఏమని యడుగగా, సభ కొరకై ఆనాటి ఆట మాన్పించిరని చెప్పిరి. ఆ మాన్పించినవారిలో నేనును ఒకడను. ఆయన బ్రతికియున్నచో కుర్చీలు తీయించి పిల్లలను ఆడనిచ్చెడివాడని అప్పుడు తోచెను. సిగ్గుపడితిని గాని, సిగ్గుపడి ఇంటికి పోయితిని. మరునాడైనను ఆ మైదానమునకు పోయి వారికి పనికివచ్చు కార్య మొక్కటియు చేయనైతిని.

సభలు వలదని నా యభిప్రాయము గాదు. దుఃఖము సహజము, దానిని నలుగురితో పంచుకొనుట మంచిదే. కాని సభతో ముగిసిన స్మరణము, అందిన రొట్టెను గూటిలో దాచుకొని, ఇచ్చినవానిని పొగడుచు కూర్చుండుట వంటిది. రహీము శిష్యులలో బెనర్జీ శిక్షకుడై పెక్కుమంది యువకులను తీర్చిదిద్దెను. రహీము కుమారుడు హకీము 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడై, తరువాత తానును శిక్షకుడై, 2021లో కన్నుమూసెను. వారు గురువును పొగడుటయే గాక, ఆయన చేసిన పనిని తామును చేసిరి.

చదువరులారా! మీకును ఎవడో ఒకడు ఏదో ఒకటి నేర్పియుండును. అక్షరము కావచ్చును, ఈత కావచ్చును, లెక్క కావచ్చును. ఆయన నేడు లేకపోవచ్చును. మీరు ఋణపడినది ఆయనకే యైనను, పుచ్చుకొనవలసినవాడు మీ వీధిలోనే యున్నాడు. అద్దె సైకిలునకు రూపాయి లేక ఆగిపోయిన బాలుడు ఏ యూరిలో లేడు? నా మట్టుకు నేను ఆలస్యముగనైనను ఒక నిశ్చయమునకు వచ్చితిని. ఈ యేడు ఆ ఉపాధ్యాయుని వర్ధంతినాడు పటమునకు దండ తేను. ఒక బంతి కొనిపోయి, ఆ గోడవారను కూర్చుండు పిల్లల చేతి కిచ్చి, చీకటిపడువరకు వారితో నుందును.