అధికారి యెవరు?

లాల్‌దర్వాజాలో మా గల్లీ చివర నుండు ఒక పిల్లవాడు ఐసెట్ వ్రాసి, ఎంబీఏలో చేరి, సంస్థాగత నాయకత్వమను విషయమును ప్రత్యేకముగా చదువుచు, రేపు ఏదో యొక కంపెనీలో మేనేజరు కావలెనను కోరికతో రాత్రి పదకొండు గంటలవరకు డాబామీద దీపము వెలిగించుకొని కూర్చుండును. ఒకనాటి సాయంకాలము అతడు పుస్తకము చంకన బెట్టుకొని వచ్చి నా యరుగుమీద చతికిలబడి, "తాతా, ఒక మాట అడుగుత, నవ్వొద్దు. లీడర్‌షిప్ అనేది సదివితే వస్తదా, పుట్టుకతోనే రావాల్నా? మా సార్ సదివితే వస్తదంటడు. మా బాపు ఫీజు కట్టేటప్పుడు మాత్రం నసీబుల ఉండాలె అంటడు" అనెను.

నేను నవ్వలేదు, వెంటనే జవాబు చెప్పనులేదు. ముప్పదిరెండేండ్లు ఒక కార్యాలయమున పనిచేసి, అందు పదునొకండేండ్లు ఇరువదిమందిపై పెత్తనము చేసి రిటైరైన నాకు ఆ జవాబు నోటికి సిద్ధముగా నుండవలసినదే. లేకపోయెను.

మన భాషలో ఒక పదముయొక్క సంసారమును పరికించినచో ఈ ప్రశ్నలోని చిక్కు కొంత విడును. అధికారి యనగానే నేడు మనకు కుర్చీయు, పచ్చసిరా సంతకమును, గుమ్మమువద్ద నిలిచిన నౌకరును తోచును. వేదాంత ప్రకరణగ్రంథములు రచించిన పెద్దలు ఆ పదమును వేఱొక తావున వాడిరి. ఏ శాస్త్రమునకైనను ఆరంభముననే, దీనిని చదువదగినవా డెవడు, ఇందలి విషయమేమి, గ్రంథమునకును విషయమునకును గల సంబంధమేమి, ప్రయోజనమేమి యని నిర్ణయింపవలెనని నియమము చేసి, ఆ చదువదగినవానికే అధికారి యని పేరు పెట్టిరి. నిత్యమేదో అనిత్యమేదో విడదీసి చూడగలవాడు, ఇహపరముల ఫలములయందు ఆశ సడలినవాడు, శమదమాదులు అలవడినవాడు, ముక్తిని కోరువాడు ఎవడో వాడు అధికారి. వీని క్రింద పనిచేయువాడు ఒక్కడును లేడు. వీడు ఎవనికిని ఉత్తరువు జారీచేయడు. ఉద్యోగమను అర్థమును సంస్కృతమున ప్రాచీనమైనదే గాని, అర్హతయు పెత్తనమును ఒకే పదమున కాపురముండుట యాదృచ్ఛికము కాదనియే నా తలంపు.

పూర్వమీమాంసకుల దారి వేఱు. యజ్ఞఫలమునకు స్వామి కాదగినవాడే, అనగా స్వర్గమును కోరువాడే, ఆ యజ్ఞమునకు అధికారి యని వారి సిద్ధాంతము. గీత రెండవ యధ్యాయమున శ్రీకృష్ణుడు ఈ పదమునే చేతికి తీసికొని, నీ కధికారము కర్మమునందే గాని ఫలమునందు లేదని యర్జునునకు చెప్పి, మీమాంసకుల నిర్వచనమును తలక్రిందులు చేసెను. (ఆ శ్లోకమును గోడకు తగిలించి, దానిక్రిందనే కూర్చుండి బోనసు లెక్కలు వేయు ఆచారము మన కంపెనీలలో ప్రబలినది, అది వేఱు సంగతి.) ఇచట గమనింపవలసినది, ఆ మాట విన్నవాడు శిక్షణ లేనివాడు కాడనుట. ద్రోణుని వద్ద అస్త్రవిద్యయంతయు గఱచి, ఏడక్షౌహిణుల బలగములో అగ్రగణ్యుడై, రథము నడుపుటకు సాక్షాత్తు భగవంతునే సారథిగా బడసినవాడు, ఆజ్ఞ యిచ్చి తీరవలసిన గడియలో విల్లు జారవిడిచి కూలబడెను. చదువు చాలక కాదు. తానెవరి తరపున నిలిచెనో అది తెలియక.

నా సంగతి చెప్పెదను. బోనాల సోమవారమునకు ఇప్పటివలె సెలవు లేని కాలము. ఒక యాషాఢమున నా క్రింద పనిచేయు అటెండరు ఆ సోమవారము సెలవు కావలెనని చీటీ తెచ్చెను. అమ్మవారి ఘటము ఊరేగింపులో డప్పు కొట్టుట వారి యింట తాతలనాటినుండి వచ్చుచున్న పని. అప్పటికే యిద్దరు సెలవులో నుండిరి. నేను నిబంధన చూపి తిరస్కరించితిని. అతడు "మంచిది సార్" అని చీటీని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసికొని వెడలిపోయెను. సోమవారము వచ్చెను, వేళకే వచ్చెను. ఆనాడు నేనడిగిన ఫైలు ప్రతియొక్కటియు నా బల్లమీదికి చేరెను, అడుగనిది ఒక్కటియు చేరలేదు. అటుతరువాత నేను రిటైరగువరకు ఆ కార్యాలయమున ఎవరును నేనడుగనిదే నాకు ఏ సంగతియు చెప్పినవారు కారు.

పిల్లవాడు నాకు చదువనిచ్చిన పుస్తకములో ఒక పేజీ ఉన్నది. 1938లో అమెరికాదేశమున చెస్టర్ బార్నార్డ్ అను నాయన, ఆచార్యుడు కాడు, న్యూజెర్సీ బెల్ టెలిఫోను కంపెనీకి అధ్యక్షుడు, కార్యనిర్వాహకుల విధులను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, అధికారము ఉత్తరువిచ్చువానియందు కాక దానిని స్వీకరించువానియందున్నదని వాదించెనట. అది చదువునప్పుడు నాకు నాలుగు మడతలు పడిన ఆ చీటీ కంటికి కట్టెను.

ఆ చీటీ యడిగినది బోనములకు సెలవు. గోల్కొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళిని దాటి, చివరకు మా సింహవాహిని మహంకాళి వాకిట ముగియు ఆషాఢ బోనములను చూడనివారికి ఈ గల్లీలు ఆనా డెట్లుండునో చెప్పుట కష్టము. ఈ నగరమున ఏలికయు తల వంచిన కథ యొకటి కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచినప్పుడు, ప్రధాని మహారాజా కిషన్ పర్షాదు సూచనపై ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ నదికి పసుపుకుంకుమలు, పట్టుచీర సమర్పించి నమస్కరించెనని మావారు చెప్పుకొను ఐతిహ్యము. ఆ మరుసటి సంవత్సరము ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారిని రప్పించి వరదలకు ఉపాయమడిగిరి. ఆ యుపాయమున వెలసిన జలాశయములలో ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియయ్యెను. వరదను కన్నులార చూచిన పాదుషా 1911లోనే గతించెను గనుక ఆ రెంటిలో దేనిని చూడలేదు; కర్మము అతనిది, ఫలమును చూచినవారు వేఱొకరు.

ఆదివారమునాడు మా మలుపువద్ద కమిటీవారి కుర్రవాడొకడు బ్యాడ్జి తగిలించుకొని, ఈల నోటబెట్టుకొని వరుసను సరిచేయుచుండును. ఆ యీలను వినువారు లేరు. అతనికి పది యడుగుల దూరమున ఒక ముసలమ్మ రెండు బిందెలతో నిలిచి, పసుపు పూసిన కుండపై వేపమండలు చుట్టి, పైన దీపము వెలిగించి, తలపై మోసికొని వచ్చు ప్రతి స్త్రీ పాదములపై చెంబెడు నీరు పోయును. ఎండకు కాలిన రోడ్డుపై వట్టి కాళ్లతో వచ్చినవారు ఆ నీటికొఱకు ఒక్క క్షణము నిలుతురు. నిలిచినందున వెనుకవారును నిలుతురు. ఆమె చెంబు ముంచి యెత్తు వేగమే వరుస నడచు వేగమగును. ఆమెకు బ్యాడ్జి లేదు. ఇన్నేండ్లలో ఆమె గొంతెత్తగా నేను వినలేదు.

మరునాడు రంగము. అమ్మవారు పూనిన స్త్రీ పచ్చికుండపై నిలిచి భవిష్యవాణి పలుకును. పచ్చికుండ యనగా ఆవమున కాల్చనిది. నీరు తగిలిన కరగును, బరువు హెచ్చిన చిట్లును. ఊరంతయు చేతులు జోడించి నిలుచు ఆ యొక్క గడియలోని పీఠము అది. ఆలయపెద్దలను, ఏలికలను, వచ్చిన భక్తజనమును ఆమె యెట్టయెదుట మందలించును, వారు తప్పైనదని యొప్పుకొందురు. దిగిన తరువాత ఆమె మరల అందఱివంటి యాడుపడుచు. పూనకమును నమ్మనివారు కలరు. నేనును ప్రతి సంవత్సరము ఒకేవిధముగ నమ్మినవాడను కాను. అయినను ఆ మాట ఆమె సొంతము కాదని విన్నవారు తలంచినంతసేపే దానికి బలమనుట మాత్రము నాస్తికుడైనను కాదనలేడు.

అదేనాడు హరిబౌలి అక్కన్న మాదన్నల మహంకాళి ఆలయమునుండి ఘటము ఏనుగునెక్కి బయలుదేఱును. ఆ యాలయమునకు పేరైన సోదరులకంటె ఈ చర్చకు తగిన నిదర్శనము నాకు తోచదు. చిన్న కొలువుతో మొదలిడి, కేవలము లెక్కల నేర్పుతోను, మనుష్యుల నెఱుగు నేర్పుతోను, అబుల్ హసన్ తానాషా కాలమున గోల్కొండ రాజ్యభారమంతయు చేపట్టిన మాదన్న, 1677లో శివాజీ వచ్చినప్పుడు సంధి కుదిర్చినవాడు. ఏ విద్యాలయమును అతనికి పట్టమీయలేదు. 1686లో ఆ యన్నదమ్ములిద్దఱును గోల్కొండ వీధిలో హతులైరి. మరుసటి యేడు ఔరంగజేబు కోటను పట్టెను.

వారి మేనల్లుడు గోపన్న, అనగా రామదాసు, పాల్వంచ పరగణాకు తహసీలుదారు. వసూలైన శిస్తుసొమ్ముతో భద్రాచలమున రామునికి గుడి కట్టించి చెఱపాలైన కథ ఎఱుగని తెలుగువాడు లేడు. మేనమామ మంత్రి, మేనల్లుడు తహసీలుదారు, సొమ్ము సర్కారుది, గుడి దేవునిది. నేటి మేనేజ్‌మెంటు తరగతిలో ఇంతకుమించిన పాఠ్యాంశము దొరకునా? భక్తుడుగా గోపన్నకు సాటి లేడు, ఉద్యోగిగా తప్పుచేసెను. ఈ రెండు మాటలను ఒకే నోట పలుకుటకు మనము జంకెదము గాని, రామదాసు జంకలేదు. ఏ నగకు ఎన్ని వరహాలైనవో కీర్తనలో రామునికే లెక్క అప్పగించినవాడు తన చిట్టాను దాచుకొన్నవాడు కాడు. ఆ కథ చివరిఘట్టము మఱింత విచిత్రము. రామలక్ష్మణులు మారువేషమున తానాషా పడకటింటికి వచ్చి, బాకీసొమ్మంతయు చెల్లించి, రసీదు వ్రాయించుకొని పోయిరట. జగన్నాథుడు తలచినచో ఆ బాకీని మాఫీ చేయింపలేడా? చేయింపలేదు. కట్టెను, రసీదు తీసికొనెను. ఈ కథను అల్లిన జనులకు ఖజానాసొమ్మనగా నేమో బాగుగా తెలియును.

పాతబస్తీలో దీనికొక మాట కలదు: అమానత్. ఒకరు నమ్మి దాచుమని యిచ్చిన సొత్తు. ఖురాను నాలుగవ అధ్యాయము అమానతులను వాటి హక్కుదారులకు అప్పగింపుడనియు, తీర్పు చెప్పునప్పుడు న్యాయముగ చెప్పుడనియు ఆదేశించును. పదవులును ఆ యమానతులలోనివే యని వ్యాఖ్యాతలు విస్తరించిరి.

నా మాటకు నేనే యొక యాక్షేపణ చెప్పవలెను. అర్హత ముందు, పదవి వెనుక యని నేనింతసేపు సూచించితిని గదా. మొదటి సాలార్‌జంగు 1853లో పినతండ్రి మరణింపగా ఇరువదినాలుగేండ్ల వయస్సున నిజాము సంస్థానమునకు దివానయ్యెను; అది వంశమువలన వచ్చిన పదవి. అప్పులలో మునిగిన సంస్థానము అతని చేతికి వచ్చెను. ముప్పదియేండ్లు నిలిచి, 1865లో జిల్లాబందీ చేసి, అనగా సీమను జిల్లాలుగా విభజించి, రాజ్యమునకు ఒక రూపమిచ్చి, 1883లో గతించెను. పదవియే అతనిని తీర్చినదని చెప్పవలసివచ్చును. కావున వేదాంతుల నియమమును నేను ఉన్నదున్నట్లు ఉద్యోగములకు అన్వయింపను. అర్హత లేక కూర్చుండినవాడు, లేదని తెలిసికొని కూర్చుండెనేని, దానిని సంపాదించుకొనవచ్చును. నాకు తెలియలేదు, అదియే నా లోపము.

బోధన వ్యర్థమని యనుట నా యభిప్రాయము కాదు. ఈ నగరముననే, ఒకప్పుడు బేరారు యువరాజు నివసించిన బెల్లా విస్టా భవనమున, 1956లో వెలసిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ, అనుభవము గడించిన యుద్యోగులను పిలిచి, చిన్న మండలులుగా కూర్చుండబెట్టి, ఒకరి యనుభవమును వేఱొకరిచేత పరీక్షింపజేయు పద్ధతిని నడిపినది. ఉపనిషత్తు శ్రవణము, మననము, నిదిధ్యాసనము అని మూడు మెట్లు చెప్పెను. పుస్తకము శ్రవణము, అట్టి గోష్ఠి మననము. మూడవది తరగతిగదిలో జరుగునది కాదు, దానికి ఫీజు లేదు.

"గిదంత సరే తాతా, సదవాల్నా వద్దా?" అని పిల్లవాడు విసుగుకొనెను.

"సదువు బిడ్డా. లెక్కలు, చట్టం, మనుషుల సంగతి పుస్తకంల ఎంతుంటె అంత సదువు. గని ఈసారి బోనాలకు ఆ ఈల పట్టుకోకు. మలుపుకాడ ముసలమ్మకు చెయ్యి నొస్తున్నదట, బిందె అందుకో" అంటిని.

ఆదివారము ఉదయము ఆఱు గంటలకే వచ్చెను. నీరు అంత యెత్తునుండి పోయవద్దని, వంగి పాదములకు దగ్గరగా పోయుమని ఆమె అతనిని మొదటి చెంబునకే దిద్దెను.