హిమానీనదానికి ధర్మకర్త ఎవరు?

ఆలయంలోని దేవతను మన న్యాయస్థానాలు బ్రిటిష్ కాలం నుంచి న్యాయపరమైన వ్యక్తిగా, అంటే సొంత ఆస్తి కలిగి తన పేరున దావా వేయగల కర్తగా గుర్తిస్తూ వచ్చాయి. ఆ దేవత తరఫున మాట్లాడవలసినవాడు ధర్మకర్త. 2017 మార్చిలో ఉత్తరాఖండ్ హైకోర్టు ఈ హోదాను గంగా యమునా నదులకు, కొద్దిరోజులకే గంగోత్రి, యమునోత్రి హిమానీనదాలకు కూడా ప్రకటించింది. నదులపై ఇచ్చిన తీర్పును జూలైలో సుప్రీంకోర్టు నిలిపివేసినా, కరిగిపోతున్న మంచుకు ధర్మకర్త ఎవరన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

ఏటేటా కురిసిన మంచు తన బరువుకే గట్టిపడి పల్లానికి మెల్లగా జారుతుంటే దానిని హిమానీనదం అంటారు. ఎగువన చేరే మంచు, దిగువన కరిగే మంచు సమానంగా ఉన్నంతకాలం దాని మూతి, అనగా చివరి అంచు, ఉన్నచోటే నిలుస్తుంది. వేడి పెరిగి కరుగుదల రాకను మించినప్పుడు, మంచు ఇంకా కిందికే జారుతున్నా, మూతి మాత్రం ఎగువకు తొలగిపోతుంది. సుమారు 30 కిలోమీటర్ల పొడవైన గంగోత్రి హిమానీనదం మూతి 1935 నుంచి ఒకటిన్నర కిలోమీటర్లకు పైగా వెనక్కి పోయింది. గంగకు మూలమైన భాగీరథి బయటపడే గోముఖం ఈ మూతే కనుక, తాత నమస్కరించిన చోట మనవడికి మంచు వదిలివెళ్ళిన రాళ్ళగుట్టలు కనిపిస్తాయి.

భారతీయ దార్శనికులు కర్మ సిద్ధాంతాన్ని సమర్థిస్తూ, అది లేకపోతే రెండు దోషాలు వస్తాయన్నారు: చేసిన పనికి ఫలం లేకుండా పోవడం కృతనాశం, చేయని పనికి ఫలం వచ్చి పడటం అకృతాభ్యాగమం. హిమానీనదాల విషయంలో ఈ రెండూ కళ్ళెదుటే జరుగుతున్నాయి. బొగ్గు, చమురు కాల్చి ఈ వేడిని పెంచి సుఖపడిన తరాలు ఫలం అనుభవించకుండానే వెళ్ళిపోగా, నేటి వేడికి మంచు పూర్తిగా స్పందించేందుకు దశాబ్దాలు పట్టడం వల్ల, ఆ పొగతో సంబంధం లేని కొండ రైతు, ఇంకా పుట్టని బిడ్డ ఆ ఫలాన్ని అనుభవించవలసి వస్తోంది. ఇంతటి అధర్మాన్ని జన్మాంతర ఫలమని సరిపెట్టుకోవడం ఆ సిద్ధాంతానికే అపచారం.

హైకోర్టు ఆ హిమానీనదాలకు సంరక్షకులుగా నియమించినవారి అధికారానికి ఎల్లలున్నాయి, ఆ పొగలోని బొగ్గుపులుసు వాయువుకు ఎల్లలే లేవు. కాశీ నుంచి తెచ్చిన మూత బిగించిన రాగి చెంబును పూజగదిలో ఉంచుకుని గంగపూజ చేసే తెలుగు కుటుంబం, సింగరేణి బొగ్గుతో వచ్చిన కరెంటునే వాడుకుంటుంది. కాబట్టి ఆ మంచు ధర్మకర్తృత్వంలో ఆ ఇంటికీ వాటా ఉంది. చెంబులోని నీటికి చేసే పూజ, కరెంటు వాడకంలో పొదుపును, బొగ్గు బదులు సూర్యరశ్మిని కోరే పౌరధర్మాన్ని కూడా కలుపుకున్నప్పుడే గంగకు చెందుతుంది.