పని నేర్పిన ఋణము

"పని నేర్పినచో ఎగిరిపోవును." పటాన్‌చెరు, పాశమైలారము ప్రాంతములలోని చిన్న కర్మాగారముల యజమానులు తఱచుగా అను మాట యిది. ఈ భయము నిరాధారమని నేననను. పండ్రెండుమందితో లేతు మిషన్లు నడుపువాఁడు ఒక కుఱ్ఱవానికి రెండేండ్లు పని నేర్పఁగా, వాఁడు అధికజీతమునకై పెద్ద కంపెనీకిఁ బోయినచో, ఆ నష్టము నిజమైన నష్టమే. అమెరికా అర్థశాస్త్రజ్ఞుఁడు గేరీ బెకర్ 1964లో ప్రకటించిన గ్రంథమున ఈ చిక్కునే విచారించెను. ఎల్లచోట్లఁ జెల్లు విద్యకగు వ్యయమును యజమాని భరింపఁడు, తక్కువ జీతము రూపమునఁ బనివాఁడే భరించునని యతని నిర్ణయము. లెక్క సరియే కావచ్చును. గాని పనివాని మనస్సు ఆ లెక్కలోఁ జేరలేదు.

నా పూర్వశిష్యుఁడొకఁడు ఒక మందుల ఫ్యాక్టరీలో తొమ్మిదేండ్లు సీసాలకు మూతలు బిగించు యంత్రమునొద్దనే నిలిచెను. ప్రక్క యంత్రమేమి చేయునో యతనికెవ్వరును జెప్పలేదు. అతఁడు కదలలేదు, యజమాని దానిని విశ్వాసమనుకొనెను. అది విశ్వాసము గాదు, గత్యంతరము లేకపోవుట. ఈ పని పోయినచోఁ దన చేతికి మఱియొకచోట విలువ లేదను భయముతో నతఁడు నిద్రకు దూరమై, తప్పు జరిగినను జెప్పక దాఁచుచుండెను. తరువాత వేఱొక యజమాని మాత్రలు చేయు యంత్రమును నడుపుటయు, విప్పి బాగుచేయుటయు నేర్పించి, నేర్చినట్లు పత్రము నిచ్చెను. "ఇప్పుడు యాడికన్న పోగల్గుత సారూ, అందుకే ఈడ నిమ్మళంగ జేస్తున్న" అని యతఁడన్న మాటను నేను పలుమాఱు తలపోసితిని. ఇప్పుడు యంత్రపుఁ జప్పుడు మాఱినంతనే తానే ముందుగాఁ జెప్పుచున్నాఁడఁట.

అట్లయిన ఈ నేర్పుట దానమా, ఋణమా? నారదస్మృతి శిల్పము నేర్చుకొను అంతేవాసినిగూర్చి చెప్పుచు, గురువు వానికిఁ దన యింట భోజనమిడి నేర్పవలెననియు, వేఱుపని చేయింపరాదనియు, పుత్రునివలెఁ జూడవలెననియు విధించినది. యాజ్ఞవల్క్యస్మృతి గురువు పక్షమును విడువలేదు: విద్య ముందే వచ్చినను, ఒప్పుకొన్న కాలమంతయు శిష్యుఁడు గురుగృహముననే యుండి పనిఫలము నాయనకీయవలెను. మన 1961 నాటి అప్రెంటిసుల చట్టముక్రింద, 2019 నియమములనుబట్టి, 30 మందియు నంతకు మించియుఁ బనివారు గల సంస్థలు నూటికి 2.5 మొదలు 15 వఱకు అప్రెంటిసులను దీసికొనవలెను. ఒప్పందములో లేనిచో, నేర్చినవానికి ఉద్యోగమిచ్చి తీఱవలెనను నిర్బంధము లేదు. అక్కడనే యుండవలెనని వానికిని లేదు. నేర్పువాఁడొకఁడు, ఫలము పొందువాఁడు వేఱొకఁడు కావచ్చునని చట్టమే యంగీకరించినదన్నమాట. రామచంద్రాపురపు భెల్ వంటి సంస్థకు ఇది మోయరాని బరువు గాదు. అప్రెంటిసుల పేరఁ బిలిచి బస్తాలు మోయించువారిని నారదుఁడు ముందే యెఱుఁగునేమో!

గడువు నియమించుట న్యాయమే. సర్టిఫికెట్లు బీరువాలోఁ బెట్టి మనిషిని గట్టివేయుట న్యాయము గాదు. ఈ జవాబు చిన్న యజమానికిఁ దృప్తి నీయదని యెఱుఁగుదును. సంగారెడ్డి బస్సులో ఒకనాఁడు అట్టి యజమానియే ప్రక్కన గూర్చుండఁగా, "మీయొద్దకు వచ్చు పనివాఁడును ఎక్కడనో యెవరో నేర్పఁగా నేర్చినవాఁడే గదా" యంటిని. ఆయన కొంతసేపు ఊరకుండెను. పిదపఁ దనకు లేతుపని యొక ముసలి మేస్త్రీ నేర్పెననియు, ఆయన యొక్క రూపాయియుఁ బుచ్చుకొనలేదనియుఁ జెప్పెను.