కొండ ఎక్కితేనే సాయమా?

మంత్రాలయం చుట్టుపక్కల పెద్ద కొండలు లేవు. ఒక పక్క తుంగభద్ర, మిగతా పక్కలన్నీ వాన కోసం చూసే చేలు. పంట లేని ఏడు మా తండాల జనం మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోతారు. అట్లాంటి చోట తొమ్మిదో తరగతి పిల్లలకు ఎవరెస్టు గురించి చెప్పాను. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఆ శిఖరం ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆమె లంబాడీ బిడ్డ, అంటే మా సుగాలీల బిడ్డే అనగానే పిల్లలు చప్పట్లు కొట్టారు.

ఆ ఊపులో ఇంకో ఇద్దరి గురించి చెప్పాను. అమెరికాకు చెందిన షాన్ స్వార్నర్‌కు పదమూడేళ్లకే క్యాన్సర్ వచ్చింది. కొన్నేళ్లకే ఇంకో రకం క్యాన్సర్ వచ్చి ఒక ఊపిరితిత్తి దెబ్బతింది. అయినా 2002లో ఎవరెస్టు ఎక్కాడు. క్యాన్సర్ రోగులకు ధైర్యం చెప్పడానికి, వారికి సాయం కూడగట్టడానికి సంస్థ పెట్టాడు. రెండో ఆయన కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో కుడికాలు తీసేశారు. క్యాన్సర్ పరిశోధనకు దేశంలో తలకు ఒక డాలరు చొప్పున పోగుచేయాలని 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో పరుగు మొదలుపెట్టాడు.

వెనక బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగింది: "సార్, ఆయప్పలు కొండెక్కినారు, పరుగెత్తినారు, దుడ్లిచ్చినారు. మంచం దిగలేని వాళ్లకు ఎవరిస్తారు సార్?"

నా దగ్గర జవాబు లేదు. బెల్లు కొట్టారు గనక బతికిపోయాను. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

ముందు ఇట్లాంటి సాహసాల్లోని మంచి చెప్పుకోవాలి. మనలో రోగం వస్తే దాచుకుంటాం. ఆడపిల్లకు సంబంధాలు రావని దాస్తాం, పనిలోకి పిలవరని దాస్తాం. దాచిన రోగం ముదురుతుంది. ఒక రోగి పదిమంది ముందు నిలబడి "నాకీ జబ్బుంది, అయినా నేను మనిషినే" అంటే, దాచుకున్నవాళ్లకు కొంత సిగ్గు తీరుతుంది. మన దగ్గర ఒళ్లు బాగుపడితే తిరుమల కొండకు నడిచొస్తామని మొక్కుకుంటారు. అది తన కోసమో, తన ఇంటివాళ్ల కోసమో. వీళ్లు ముఖం తెలియని రోగుల కోసం కూడా కష్టపడ్డారు. అది చిన్న మాట కాదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. ఎక్కినవాణ్ణి మెచ్చుకునే అలవాటు, మెల్లగా ఎక్కలేనివాణ్ణి తప్పుపట్టే అలవాటుగా మారుతుంది. "చూడు, వాడు క్యాన్సర్‌ను జయించాడు, నీకు ధైర్యం చాలదు" అంటాం. రోగం ధైర్యాన్ని చూసి పోదు. గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బునే తీసుకోండి. ప్రాణవాయువు తగ్గితే ఎర్రకణాలు కొడవలిలా వంగి, సన్నని రక్తనాళాల్లో అడ్డం పడతాయి. నొప్పి భరించలేనంతగా వస్తుంది. ఎవరెస్టు కొసన అందే ప్రాణవాయువు సముద్రమట్టంలో అందేదానిలో మూడో వంతే. అంటే ఆ జబ్బున్న బిడ్డకు ఎత్తైన కొండ ఎక్కడమే ప్రమాదం. ఎక్కకుండా తన ఒంటిని కాపాడుకోవడమే ఆ బిడ్డ చేయగల సాహసం. దానికి ఎవరు చప్పట్లు కొడతారు?

టెర్రీ ఫాక్స్ కథ చివర కూడా ఇదే చెబుతుంది. ఆయన దేశం ఆ కొస చేరలేదు. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక, క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకడంతో సెప్టెంబరు 1న ఆగిపోయాడు. ఆగిపోయాకే విరాళాలు వెల్లువెత్తాయి. 1981 ఫిబ్రవరికి 2 కోట్ల 40 లక్షల డాలర్లు దాటాయి, తలకు ఒక డాలరు లెక్క తేలింది. ఆ జూన్ 28న ఇరవై రెండేళ్ల వయసులో చనిపోయాడు. గెలిచాడనే జనం ఇచ్చి ఉంటే, ఆయన ఆగిన రోజే ఇవ్వడం కూడా ఆగిపోవాలి.

మా పెదనాన్నకు మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు రక్తశుద్ధికి పట్నం పోవాలి. తెల్లవారుజామున తండా నుంచి రోడ్డుదాకా నడక, ఆ తర్వాత బస్సు, పొద్దుగూకాక తిరుగుదారి. వైద్యం ఉచితమే గానీ, బస్సు చార్జీలు, పెద్దమ్మ పోగొట్టుకున్న కూలి ఎవరూ లెక్కగట్టరు. పాడేరు మన్యంలో రోడ్డు లేని గూడేల నుంచి రోగుల్ని డోలీ కట్టి దింపుతారు. మోసేవాళ్లు కొండ దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. వాళ్లకు జెండా లేదు, ఫొటో లేదు.

ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఏడాదిన్నరలో నేను పెదనాన్న వెంట ఆసుపత్రికి పోయింది రెండుసార్లే. స్వార్నర్ గురించి చెప్తూ పిల్లలతో చప్పట్లు కొట్టించిన నోరే, పెద్దమ్మ ఫోను చేస్తే "బడి ఉంది" అంది. దూరాన ఉన్న సాహసిని మెచ్చుకోవడానికి ఖర్చేమీ లేదు. పక్కింటి రోగికి ఒక పగలు ఇవ్వాలంటే మన పగలే పోతుంది.

రోగికి సాయం బహుమానం కాదు, హక్కు. ఆ హక్కు కోసం ప్రభుత్వాన్ని అడగాలి. సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం 2023 జులైలో మొదలైంది, పరీక్షలు మన గూడేనికి వచ్చాయా అని అడగాలి. తల్లిదండ్రులిద్దరిలో ఆ లక్షణం ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. కాబట్టి యువత పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలి, ఫలితం దాచకూడదు. రక్తం ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వాలి. చదువుకున్నవాళ్లు ఆసుపత్రి వరుసలో ఒకరికి కాగితాలు నింపిపెట్టాలి. ఉపాధ్యాయులు జబ్బు పిల్లల హాజరు తగ్గిందని కోప్పడే ముందు ఇంటికి వెళ్లి చూడాలి.

పోయిన మంగళవారం సెలవు పెట్టి పెదనాన్న వెంట పోయాను. బస్సులో ఆయన నా భుజంమీద తల పెట్టుకుని నిద్రపోయాడు. మర్నాడు ఆ అమ్మాయి ప్రశ్నకు తరగతిలో నాకు తెలిసిన జవాబు చెప్పాను: "మనమే ఇయ్యాలమ్మా. ఇయ్యకపోతే గట్టిగా అడగాల." ఆమె మళ్లీ అడిగింది: "అయితే ఎప్పుడు మొదలుపెడదాం సార్?"